మొదటి మాండలికం

చీమకుర్తిలో బస్సు దిగేసరికి
చెప్పుల మీద, టూల్ బ్యాగు మీద, కనురెప్పల మీద
రాతి పొడి.
"నెల్లూరు నించా? అందులో స్టోన్‌హౌస్‌పేటా?
పేరులోనే రాయి పెట్టుకొచ్చావే" అని నవ్వాడు
వేబ్రిడ్జి దగ్గర అంకమ్మరావు.

ఆఫీసులో గౌసియా నవ్వలేదు.
సోమవారం కొత్త కంప్యూటర్ వచ్చింది.
సోమవారం నించే ఉమ్మడి ఫోల్డర్ తెరుచుకోవడం లేదు.
పదకొండేళ్ల కొలతలు,
ఒక్కో బ్లాకుకీ మూడు ఫొటోలు,
చీలిక ఉన్నచోట ఎర్ర గీత,
అన్నీ బీరువా మీది ఆ నల్ల పెట్టెలో.
"బయట లారీ ఆగిపోయుంది. బిల్లు ఎట్టా తియ్యను?"

పెట్టె వెనక చెయ్యి పెట్టా. జ్వరమొచ్చిన పిల్ల నుదురు.
లోపల రెండు డిస్కులు, కవలలు,
ఒకటి రాసిందే రెండోదీ రాస్తుంది.
ఒకటి ఎప్పుడో మూగపోయినట్టుంది.
ఎర్ర దీపం కళ్లలో కొడుతోందని
ఎవరో దాని మీద బొట్టుబిళ్ల అంటించారు.

రెండు యంత్రాలు ఎదురుపడితే
ముందు అడిగేది పేరు కాదు, ఊరు కాదు,
నీకు ఏయే మాండలికాలు వచ్చు, అని.
చమత్కారానికి అనడం లేదు,
వాటి నిబంధనల్లో ఉన్న మాటే అది.
ఇద్దరికీ వచ్చినవాటిలో కొత్తది తీసుకుని
ఆ తర్వాతే తాళం, తలుపు, ఫైలు.

కొత్తది తనకొచ్చినవన్నీ ఏకరువు పెట్టింది.
పెట్టెకు వచ్చింది మొదటిదొక్కటే.
ఆ మొదటిది దొంగలకు కంఠతా వచ్చేసిందని
ఇప్పటివాటికి నేర్పడం మానేశారు.
పెట్టె తెల్లమొహం వేసింది.

ఆ తెల్లమొహం నాకు తెలుసు.
హైదరాబాదులో మొదటి ఉద్యోగం,
ఫోన్లో "యాడ పెట్టుండావు" అన్నానని
టీమ్ లీడర్ పక్కకు పిలిచాడు.
ఆ మర్నాటి నించి "ఎక్కడ పెట్టారండీ."
పని అయ్యేది.
నాలుక మాత్రం అద్దింట్లో మేకు కొట్టుకోలేనట్టు
సర్దుకుని ఉండేది.

ముందు ఇంటర్నెట్ తీగ పీకేశా.
సెట్టింగుల అట్టడుగున ఒక చిన్న గడి,
అందులో టిక్కు పెడితే పాత మాట కొత్త నోటికి వస్తుంది.
ఈ ఒక్క రాత్రికే, అన్నా గౌసియాతో.
తెల్లారేలోగా అంతా కొత్త పెట్టెలోకి తోడేసుకుందాం.
ఫోల్డర్ తెరుచుకుంది.
లారీ పోయింది.

ఒక్క ఫైలు మాత్రం కదల్లేదు.
వేరొకరు వాడుతున్నారంది.
వేబ్రిడ్జికి వెళ్లి అడిగా.
"పొద్దున తెరుస్తా, పొద్దుగూకినాక మూస్తా.
నడిమధ్యలో మూస్తే యాడిదాకా రాశానో
నాకెట్టా తెలుస్తది?"
సరే, పొద్దుగూకేదాకా కూర్చున్నా.
క్వారీలో ఆఖరి పేలుడుకి
గాజు గ్లాసులో టీ ఒకసారి ఉలిక్కిపడింది.

తెల్లవారుజామున నాలుగింటికి,
తొంభై ఏడు శాతం దగ్గర,
నా నెత్తిన పిడుగు.
వేబ్రిడ్జి కంప్యూటరుకు వచ్చింది కూడా
మొదటిదొక్కటే.
ఇక్కడ అందరం కొత్త మాటలోకి పోతే
కాటా చెప్పేది వినేదెవరు?

అందుకని పారెయ్యలేదు.
నల్ల పెట్టెను మోసుకెళ్లి కాటా గదిలో పెట్టా.
ఆ రెంటికీ మధ్య ఒక్క తీగ,
బయటి లోకంతో ఏదీ లేదు.
సాయంత్రం అయ్యాక అంకమ్మరావు
పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని
నలభై అడుగులు నడిచి గౌసియాకు ఇస్తాడు.

బొట్టుబిళ్ల గోకి చూశాడు.
"ఏందిది, ఎర్రగా?"
"ఒక డిస్కు పోయింది. కొత్తది తెస్తా."
"రెండోది?"
"రాస్తానే ఉండాది."
"రాయనీ మరి."

అంటూ తెల్ల రంగు డబ్బా తీసి
బ్లాకులకు వేసినట్టే
దాని నెత్తిన ఒక నంబరు వేశాడు.
"ఇంక దీన్ని ఎవురూ లారీ ఎక్కించరులే."